చిన్నపిల్లలకు ఎంగిలి లేదన్నారు

నా కూతురికి రెండేళ్ళు నిండకముందే పైవరుస ముందుపళ్ళు నాలుగూ గోధుమరంగుకు తిరిగాయి. జఫర్‌గఢ్‌లో మా ఇంట్లో అది పట్టింది నాకొక్కదానికే. "పాలపండ్లే కదా, ఊడిపోయి కొత్తయి వస్తయ్" అన్నాడు మా ఆయన. ఆ మాట అంటున్నప్పుడు ఆయన పాప నోట్లోకి కాదు, ఫోన్‌లోకి చూస్తున్నాడు. అదీ నాకు గుర్తుంది.

నేను స్టేషన్ ఘన్‌పూర్‌లో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతాను. పొద్దున వెళ్తే సాయంత్రం వరకు పాప మా అత్తమ్మ దగ్గరే. ఆమె పల్లీలు, బెల్లం తన నోట్లో మెత్తగా నమిలి, ఆ ముద్దను వేలితో తీసి పాపకు పెట్టేది. మా ఇంట్లో ఒకరు తాగిన గ్లాసు ఇంకొకరు ముట్టరు. కొత్తకోడలిగా ఉన్నప్పుడు నా కంచానికి తగిలిన గరిటె పొరపాటున కూర గిన్నెలో పెడితే, గిన్నెడు కూర నా చేతనే పారబోయించిన మనిషి ఆమె. మనవరాలి దగ్గర మాత్రం ఆ పట్టింపు లేదు.

"నమిలి పెట్టకు అత్తమ్మా" అంటే వినేది కాదు.

"చిన్నపిల్లలకు ఎంగిలేంది? నీ మొగడు గిట్లనే పెరిగిండు. జర వాని పండ్లు చూడు, చెరుకుగడ చీరుతడు!"

ఆ తర్వాత మా ఆడబిడ్డ కొత్తింటి దావత్. భోజనాల దగ్గర ఆమె పాప పెదవిని వేలితో పైకెత్తి అందరికీ చూపించింది. "ఏం వదినె, బడిల పిల్లలకు పాఠాలు చెప్తవ్, ఇంట్ల పిల్లకు పండ్లు తోమవా?" ఎవరెవరు నవ్వారో, ఎవరు ఏ వరసలో కూర్చున్నారో ఇవాళ అడిగినా చెప్పగలను. ఆ రోజు నుంచి పాప ఎవరు దగ్గరికొచ్చినా నోరు బిగించేది. బ్రష్ పట్టుకుని నేను వెళ్ళినా అంతే. చల్లటి నీళ్ళు తాగితే ఏడ్చేది. అన్నం మింగకుండా బుగ్గన పెట్టుకునేది. ఒకరోజు పంటిపైన చిగురు ఉబ్బింది.

జనగామలో పళ్ళ డాక్టర్ దగ్గరికి బయల్దేరాం. అత్తమ్మను కావాలనే వెంట తీసుకెళ్ళాను. నా మాట లెక్కచేయని ఆమె డాక్టర్ చేతనైనా తిట్లు తినాలని నా కోరిక. నా ఒళ్ళో పాప తమ్ముడు, ఐదు నెలల బాబు.

డాక్టరమ్మ పాప నోరు చూడగానే, అడక్కముందే చెప్పాను, నమిలి పెట్టే సంగతంతా.

"అట్ల పెట్టొద్దు అవ్వా. పన్ను పుచ్చేది కంటికి కనబడని క్రిమితోని. పెద్దోళ్ళ ఉమ్మిల నుంచి పిల్లలకు అంటుతది. తీపి దొరికితే పెరుగుతది" అందామె. నా మనసు చల్లబడింది. ఆమె అక్కడితో ఆగలేదు. "నోరు తెరువు అవ్వా, చూస్త."

రోజూ వేపపుల్లతో తోముకునే అత్తమ్మ నోట్లో ఒక్క పుచ్చు పన్ను కూడా లేదు.

"ఇప్పుడు మీరమ్మా."

నా దవడపళ్ళలో మూడు పుచ్చినవి. ఒకదాంట్లో ఏడాదిగా లవంగం పెట్టుకుని నెట్టుకొస్తున్నాను.

"అన్నం వేడి చూడనీకి చెంచా మీ నోట్ల పెట్టుకుంటరా?"

పెట్టుకుంటాను. ఆరో నెల నుంచీ ప్రతి ముద్దా నా పెదవులకు తగిలించే పాపకు పెట్టాను. నోరు కాలకూడదని.

"పాలసీసా?"

నోట్లో ఉంచే నిద్రపుచ్చేదాన్ని.

"ఎవరి నుంచి వచ్చిందో గట్టిగ చెప్పలేం. ఇద్దరూ మానుకోవాలె. కానీ ఈ బాబుకు ఇంకా పండ్లు రాలేదు, ముందు మీ నోరు బాగుచేసుకోండి."

మెట్లు దిగుతుంటే అత్తమ్మ అంది: "నన్ను పట్టియ్య తీస్కొచ్చినవ్ బిడ్డా, నువ్వే దొరికినవ్." ఆ మాట ఇంకా నాలో ములుకులా ఉంది.

మళ్ళీ వెళ్ళినప్పుడు పాప పళ్ళు రెండు తీసేశారు, రెండు నింపారు. పాప కాళ్ళు నేను పట్టుకున్నాను, తల అత్తమ్మ పట్టుకుంది. పాప అరుపుకు ఇద్దరమూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. నా మూడు పళ్ళూ బాగుచేయించుకున్నాను.

బాబుకు ఇప్పుడు పైపళ్ళు వచ్చాయి. చిగుళ్ళ అంచున పంటి మీద తెల్లగీత కనబడితే పుచ్చు మొదలైనట్టేనని, వెంటనే తీసుకురమ్మని చెప్పింది డాక్టరమ్మ. రోజూ పొద్దున వాణ్ణి వాకిట్లో వెలుతురుకు తిప్పి, తడిగుడ్డతో తుడిచి చూస్తాను. మొన్న ఒక పంటి మీద సన్నటి తెలుపు కనబడింది. తుడిస్తే పోయింది, పాల మరక. అత్తమ్మ చేతిలో పని వదిలేసి వచ్చి నా భుజం మీదుగా తొంగిచూసింది.

"పోయిందా?"

"పోయింది."

"మల్ల చూడు."

మళ్ళీ చూశాను.