విమానాలు దిగిన బీడు

నా చిన్నప్పుడు మేం అమీర్‌పేటలో అద్దెకున్న ఇంట్లో అబద్ధం రాయడం ఒక చేతిపనిలా సాగేది. పై అంతస్తులో కంప్యూటర్ కోర్సుల కోసం కోస్తా ఊళ్ళ నుంచి వచ్చిన అన్నయ్యలు గదికి ఆరుగురు చొప్పున ఉండేవారు. ఏ కంపెనీ గడపా తొక్కనివాళ్ళు రెజ్యూమేలో మూడేళ్ళ అనుభవం రాసుకునేవారు. పదేళ్ళ పిల్లను, వాళ్ళ పక్కనే కూర్చుని చూసేదాన్ని. కాగితం మీద రాయాల్సింది జరిగింది కాదని, కావలసిందని నాకు అప్పటికే అర్థమైపోయింది. వాళ్ళను తప్పుపట్టలేను. ఉద్యోగం రాకపోతే ఊరికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలన్నదే వాళ్ళ బెంగ.

కింది వాటాలో ఇంటి ఓనరు తాతయ్య ఉండేవారు. సర్వే ఆఫీసులో పటాలు గీసి రిటైరైన మనిషి. ఎవరి పిచ్చి వారికి ఆనందం అన్నట్టు, ఆయనకు పాత విమాన మైదానాల పిచ్చి. బేగంపేట సంగతి అందరికీ తెలుసు, ఈయన వెతికేవి ఎవరికీ తెలియనివి. సొంత విమానాలు కొత్తగా వచ్చిన రోజుల్లో కలిగినవాళ్ళు దిగడానికి ఊరి బయట బీళ్ళు చదును చేసి, మధ్యలో సున్నం కొట్టిన రాళ్ళు గుండ్రంగా పేర్చేవారట. పైనున్న వాళ్ళకు అదే గుర్తు. ఆ ముచ్చట తీరాక ఆ బీళ్ళను అందరూ మరిచిపోయారు. తాతయ్య చెప్పులరిగేలా తిరిగి, ముసలివాళ్ళను అడిగి, ఒక్కొక్కదాన్నీ లావుపాటి నోటుపుస్తకంలో ఎక్కించేవారు. ప్రతి పేజీలోనూ రెండు గళ్ళు. ఒకటి విన్నవాళ్ళది, రెండోది ఇప్పుడు అక్కడికి వెళ్ళి ఆ రాళ్ళను కళ్ళారా చూసినవాళ్ళది. రెండో గడిలో సంతకమో వేలిముద్రో పడకపోతే ఆ బీడు ఉన్నట్టు ఆయన ఒప్పుకునేవారు కాదు.

ఒక్క పేజీలోనే రెండో గడి ఖాళీగా ఉండేది. అది తాతయ్య వాళ్ళ నాన్న పనిచేసిన బీడు. రాళ్ళకు సున్నం కొట్టడమే ఆ నాన్న పని. ఐదేళ్ళ కొడుకును భుజాన ఎక్కించుకుని విమానం చూపించాడట. పెద్దయ్యాక ఆ మాట చెబితే స్నేహితులు నవ్వారు, చివరికి కన్నకొడుకులూ నవ్వారు. సున్నం కొట్టే కూలివాడి ఇంట విమానం కథలా అని.

ఆ వేసవిలో పంజాగుట్టలో కంటి డాక్టరు ఉన్నమాట చెప్పేశాడు. నరం ఎండిపోతోంది, వానాకాలం దాటితే చూపు ఉండదు. ఆనాటి నుంచి తాతయ్యకు తిండి సయించలేదు. ఎదురుగా ఉన్న మంచినీళ్ళ గ్లాసు తడుముకునే మనిషి రోజంతా పటాల మీద వంగి ఉండేవారు. చింత చచ్చినా పులుపు చావలేదని కోడలు విసుక్కునేది. "కండ్లు పోతే పోనియ్యి బిడ్డా, గా బీడు ఒక్కటి చూసినంక పోనియ్యి" అని నాతో అనేవారు. ఆ గొంతు వింటే నాకు భయం వేసేది.

చివరికి బోరబండలో ఒక అవ్వ దొరికింది. చిన్నతనంలో ఆ రాళ్ళకు సున్నం నీళ్ళు మోసిందట. సనత్‌నగర్ దాటాక రెండు పెద్ద బండల నడుమ అని ఆనవాలు చెప్పింది. మర్నాడే తాతయ్య మా అమ్మను అడిగి, నన్ను తోడు తీసుకుని బస్సెక్కారు.

బండలు రెండూ ఉన్నాయి. వాటి నడుమ ఎవరో అపార్ట్‌మెంటు కట్టబోతున్నారు. తాతయ్యను నీడలో నిలబెట్టి నేను ముందు వెళ్ళాను. నేలంతా బుల్డోజరు పెట్టి చదును చేసేశారు. పునాదులు తవ్వడానికి తడి సున్నంతో పోసిన ముగ్గు గీతలు మాత్రం తెల్లగా ఉన్నాయి. "పొద్దుగాలనే పోసినం, తొక్కకు పాపా" అన్నాడు మేస్త్రీ. పాత రాళ్ళ గురించి అడిగితే, అవన్నీ ఎప్పుడో కంకరకు పోయినయన్నాడు.

వెనక్కి తిరిగేసరికి తాతయ్య కర్ర ఊతంతో వచ్చేస్తున్నారు. మసకలోనే తెలుపు కంటికి ఆనినట్టుంది. "తెల్లగ అగుపడుతున్నయి బిడ్డా. రాళ్ళేనా?" అన్నారు. రెజ్యూమేల ఇంట్లో పెరిగినదాన్ని కదా, తడుముకోకుండా "రాళ్ళే తాతయ్యా, గుండ్రంగా ఉన్నాయి" అన్నాను. ఆయన ఆ మట్టిలోనే కూలబడి, "నాయినా, నాయినా" అంటూ ఏడ్చారు. మంచి పని చేశాననే అనుకున్నాను.

కాసేపటికి సంచిలోంచి నోటుపుస్తకం తీసి, ఆ పేజీ తెరవమని, పెన్ను నా చేతిలో పెట్టారు. "నా కండ్లు సాక్ష్యానికి పనికిరావు. చూసింది నువ్వు. నీ పేరు రాయి" అన్నారు. మొదటి అక్షరం దగ్గరే నా చెయ్యి ఆగిపోయింది. "రాయి బిడ్డా, జర రాయి" అని బతిమాలారు. అంత పెద్దాయన నన్ను బతిమాలడం నేనెన్నడూ ఎరగను. వెక్కిళ్ళు పెడుతూ, "అవి రాళ్ళు కావు తాతయ్యా, ముగ్గు" అనేశాను.

ఆయన తడుముకుంటూ నా దగ్గరికి జరిగారు. తర్వాత నా తల నిమిరారు.

"నాకెరికే. తడి సున్నం వాసన నాకు తెల్వదా? పాత రాళ్ళకు గా వాసన యాడుంటది? మా నాయిన చేతులు గట్లనే వాసనొచ్చేటివి. అయినా నువ్వు పేరు రాస్తే నమ్ముదామనుకున్న. నాకింక వేరే దారి లేకుండె."

ఆ మాటకు నాకు ఇంకా ఏడుపొచ్చింది. ఆయన కోప్పడలేదు. ఆ గడిలో 'వెతికాం, కనబడలేదు' అని నా చేత రాయించారు. దాని కింద సంతకం పెట్టమన్నారు. పెట్టాను.

వానలు తగ్గుముఖం పట్టకముందే ఆయన చూపు పోయింది. ఆ తర్వాత ఆయన ఆ బీడు ఊసెత్తగా నేను వినలేదు.

ఇప్పుడు నేనొక రక్తపరీక్షల ల్యాబులో రిపోర్టుల మీద సంతకాలు చేస్తున్నాను. నా కంటితో చూడనిదాని కింద పేరు రాయమంటే ఎంతటివాళ్ళు చెప్పినా రాయను. దాన్ని చాలామంది నా మొండితనం అంటారు, కొందరు నిజాయితీ అంటారు. నాకు మాత్రం మట్టిలో కూర్చుని బతిమాలిన మొహమే కనిపిస్తుంది. ఆ రోజు రాసేసి ఉంటే ఆయన ఆ చీకట్లోకి సంతోషంగా వెళ్ళేవారు కదా అని ఈనాటికీ కుమిలిపోతుంటాను. అయినా ఆయనే తిరిగొచ్చి మళ్ళీ పెన్ను చేతికిచ్చినా, నేను రాయలేను.