పంచిన కాడా, పారేసిన కాడా

మా మేనమామ పోయాడన్న కబురు నాకు బళ్లో పాఠం చెబుతుండగా తెలిసింది. మూడో పీరియడు నడుస్తోంది. ప్యూను వచ్చి ఆఫీసు గదికి ఫోనొచ్చిందన్నాడు. అవతల మా నాన్న. "మామ లేడు బిడ్డా. పెద్ద దవాఖానాకు తీస్కపోతాంటే తొవ్వలనే పాణం పోయింది" అన్నాడు. నన్ను ఓదార్చడానికి కాబోలు, "ఏం జేస్తం, ఆయినె టైం బాగలేదు" అన్నాడు.

ఆ చివరి మాటకు నాకు ఒళ్లు మండింది. ఏడుపు తర్వాతెప్పుడో వచ్చింది, ముందొచ్చింది కోపమే. ఇది రాస్తున్నప్పుడు కూడా అదే ఉంది. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు ఉండాల్సిన మెత్తదనం కోసం ఇందులో వెతక్కండి. టైం బాగలేదనే మాటంటే మా మామకు గిట్టేది కాదు. అలాంటి మనిషి మీద, పోయిన గంటకే, అదే మాట కప్పేశారు.

మామ అశ్వారావుపేట దగ్గర పామాయిల్ తోటల్లో గెలలు కోసేవాడు. పొడవాటి గెడకు కట్టిన కొడవలితో, మెడ వెనక్కి విరిచి, చెట్టు తలలో ఉన్న గెలను ఒక్క లాగుతో తెంపేవాడు. వాన గట్టిగా పడితే కోత ఆగిపోతుంది. ఆ మధ్యాహ్నాలు ఆయన ఇంటి ముందు రేకుల పంచలో పేకాట సాగేది. కాలేజీ దగ్గరని ఇంటర్ రెండేళ్లూ నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. మొదట టీ గ్లాసులు అందించడానికి వెళ్లాను. తర్వాత చెయ్యి తక్కువైన రోజున మామే పిలిచి కూర్చోబెట్టాడు. గెలల ట్రాక్టరు నడిపే ఆయన స్నేహితుడొకడు, మేము బాబాయ్ అంటాం, "ఆడపిల్లకు పేకలేందిరా" అని నసిగాడు. "నీకంటే మంచిగ లెక్క పెడ్తది, గందుకే భయమా?" అన్నాడు మామ. ఆ సంగతి అక్కడితో ముగిసింది.

ఆడేది రమ్మీ. పందెం చింతగింజలు. అవి అత్తమ్మ చింతపండు కొట్టగా మిగిలినవి, ఒక డబ్బా నిండా ఉండేవి. పైసలు ఎందుకు పెట్టవని ఒకసారి అడిగాను. "పైసలు పెడ్తే ఎవ్వడు తన తప్పు ఒప్పుకోడు బిడ్డా. గింజలైతే ఒప్పుకుంటరు" అన్నాడు.

తప్పు ఒప్పించడమే ఆ పంచలో అసలు ఆట. ఎవరో ఒకరు షో కొట్టి గెలవగానే అందరూ చేసే పని ముక్కలు గబగబా కలిపేయడం. మామ కలపనిచ్చేవాడు కాదు. ఓడినవాళ్లు తమ పదమూడు ముక్కలూ గోనెసంచి మీద తెరిచి పరచాలి. ఆయన వాటిని ఓపిగ్గా చూసి ఒకటే ప్రశ్న అడిగేవాడు. "పంచిన కాడ పోయిందా, పారేసిన కాడ పోయిందా?" అంటే, నీకు వచ్చిన ముక్కలే చెడ్డవా, మంచి ముక్కలను నువ్వు ఆడటం చెడ్డదా అని. జవాబు చెప్పకుండా రెండో ఆట పంచేది లేదు.

రమ్మీ తెలియనివాళ్లకు ఒక్క ముక్క చెప్పాలి. జోకరు కలవకుండా ఒకే గుర్తువి వరుసగా మూడు ముక్కలు ముందు కుదరాలి. అది లేకపోతే చేతిలో ఎన్ని జోకర్లున్నా దండగే, ఎనభై గింజలు కట్టాలి. పంచిన వెంటనే ముక్కలు చూసుకుని, బాగా లేవనుకుంటే కింద పెట్టేసి తప్పుకోవచ్చు. అప్పుడు ఇరవైతో పోతుంది.

ఒకరోజు నాకు రెండు జోకర్లు వచ్చాయి. మిగతావన్నీ చెత్త. జోకర్లను చూసి మురిసిపోయి కూర్చున్నాను. ఆఠీను అయిదు, ఏడు పట్టుకుని మధ్యలో ఆరు కోసం ఎదురు చూశాను. రాలేదు. ఎనభై పోయింది. "ఆరు రాలే మామా, నా ఖర్మ" అన్నాను.

"ముక్కలు పరువు" అన్నాడు. పరిచాను. "ఆఠీను ఆర్లు రెండు కట్టలల్ల ఎన్ని ఉంటయి?"

"రెండు."

"ఒకటి నేను పారేసిన. ఒకటి బాబాయ్ పారేసిండు. నీ దాక రాలే గానీ రెండు నీ కండ్ల ముందట్నే పోయినయ్. లేని ముక్క కోసం కూసున్నవ్. మల్ల ఖర్మ అంటవేంది? ఖర్మ ఏం జేసింది నిన్ను?"

నాకు ఏడుపొచ్చినంత పనైంది. అందరి ముందూ అంత మాటంటాడా అని ఆ పూట అన్నం దగ్గర మాట్లాడలేదు. కానీ ఆ తర్వాత ఎప్పుడూ కింద పడిన ముక్కను చూడకుండా వదల్లేదు.

ఆయన అన్యాయంగా తిట్టేవాడు కాదు. అది చెప్పకపోతే తప్పవుతుంది. ఒకసారి ఆయనకు అద్భుతమైన చెయ్యి పడింది. ఒక్క ముక్క వస్తే చాలు, దానికి నాలుగు దారులున్నాయి. ఈలోగా బాబాయ్ మూడో ముక్కకే షో కొట్టాడు. మామ తన ముక్కలు పరిచి, మళ్లీ మళ్లీ చూసి, పకపకా నవ్వాడు. "దీంట్ల నా తప్పు ఇసుమంత లేదు. పంచిన కాడనే పోయింది" అని గింజలు సంతోషంగా తోసేశాడు. ఇంకోసారి బాబాయ్ అడ్డదిడ్డంగా ఆడి, చివరి ముక్క తగిలి గెలిచాడు. గెలిచినవాడి ముక్కలు కూడా పరిపించాడు మామ. "గెలిచినవ్ గానీ ఆడలేదురా. గిట్లనే ఆడు, రేపు గింజల డబ్బా సుత ఉండదు" అన్నాడు. బాబాయ్ మూతి ముడుచుకుంటే భుజం మీద చరిచాడు. "తప్పు ఏరుకునేది ఏడ్వనీకి గాదు, మల్ల కూసోనీకి" అన్నాడు.

ఇంటర్ మొదటి ఏడాది నేను ఫిజిక్స్ తప్పాను. పేపరు కష్టంగా వచ్చిందని చెప్పాను. నాలుగో తరగతి దాటని మనిషి, ఆ పేపరు పట్టుకుని నా ముందు బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు. ఒక్కో ప్రశ్న దగ్గర వేలు పెట్టి, "ఇది సదివినవా, సదవలేదా?" అని అడిగాడు. రెండు పాఠాలు అసలు తెరవలేదని బయటపడింది. ఒక ప్రశ్న మాత్రం మాకు చెప్పని పాఠం లోంచి వచ్చింది. దాని పక్కన పెన్సిలుతో గీత కొట్టించాడు. "గిది పంచిన కాడ పోయింది. దీనికి ఏడ్వకు. మిగిలినయన్ని నీయే" అన్నాడు. సప్లిమెంటరీలో పాసయ్యాను. ఈరోజు పిల్లలకు పాఠం చెప్పి బతుకుతున్నానంటే ఆ పెన్సిలు గీత పుణ్యమే. నాది కాని తప్పును నా నెత్తిన పెట్టకుండా, నాదైన తప్పును నన్ను దాచనివ్వకుండా చూసినవాడు నా జీవితంలో ఆయనొక్కడే.

అందుకే పదకొండో రోజు దినానికి నేను కోపాన్ని మూట కట్టుకునే వెళ్లాను. జరిగిందంతా అప్పటికే విన్నాను. మొదటి రోజు చలి పెట్టి గజగజ వణికాడు. కిరాణా కొట్లో గోలీ తెచ్చి మింగాడు. ఊళ్లో చదువూ పట్టా లేని డాక్టరొకాయన ఉన్నాడు, చేతిసంచిలో సూదులు పెట్టుకు తిరుగుతాడు. ఆయన వచ్చి వాతావరణం మార్పు అని ఇంజెక్షను వేశాడు. రెండో రోజు జ్వరం దిగింది. మూడో రోజు బాబాయ్ వచ్చి కోతకు పిలిస్తే మామ గెడ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. సాయంత్రానికి మళ్లీ వణుకు. ఇంకో ఇంజెక్షను, ఒక గ్లూకోజు సీసా. అయిదో రోజుకు మనిషి మాట తడబడింది, మూత్రం నల్లగా వచ్చింది. అప్పుడు జీపు మాట్లాడారు. మలేరియా తలకెక్కింది. ఆరు మైళ్ల దూరంలో సర్కారు దవాఖానాలో ఒక్క చుక్క రక్తం చూసి, పైసా అడక్కుండా మందిచ్చే జబ్బది.

బంతిలో ఆ డాక్టరు కూడా కూర్చున్నాడు. విస్తరి ముందు నిట్టూర్చి, "మన చేతుల ఏమున్నదమ్మా, ఆయినె రాత గట్ల రాసిపెట్టి ఉన్నది" అన్నాడు. నేను పప్పుచారు బకెట్టు కింద పెట్టాను.

"పంచిన కాడ పోయిందా డాక్టరూ, పారేసిన కాడ పోయిందా?"

ఆయనకు అర్థం కాలేదు. పక్కన కూర్చున్న బాబాయ్‌కి అర్థమైంది. తల దించుకున్నాడు.

"దోమ కుట్టుడు పంచిన కాడ" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. "ఈ అడివి పక్కన వానకాలంల ఎవ్వలకైన కుడ్తది. దానికి నేను ఎవ్వల్ని ఏం అన. తర్వాతయి చెప్పు. మనిషి వణుకుతాంటే రక్తం పరీక్షకు తోలకుండ సూదులేసింది ఎవ్వలు? జరం దిగంగనే తోటకు తీస్కపోయింది ఎవ్వలు బాబాయ్? ముక్క బాగలేకుంటే ఇరవైతోటి లేవాలె అని మనందరికి చెప్పినోడు, తన పాణం మీదికొస్తే లేవకుండ ఎందుకు కూసున్నడు? ఆయిన మీద సుత నాకు కోపమే. రాత అంట రాత!"

"సావు జరిగిన ఇంట్ల గిట్లనా మాట్లాడేది? నోరు మూస్కో" అని మా నాన్న లేచాడు. డాక్టరు చెయ్యి కడుక్కున్నాడు. ఎవరూ తినడం లేదు. అప్పుడు వంటింటి గడప మీద కూర్చున్న అత్తమ్మ మాట్లాడింది. పదకొండు రోజుల్లో ఆమె గొంతు నేను వినడం అదే మొదలు.

"ఆయిన లేస్తననే అన్నడు బిడ్డా. రెండోనాడే అన్నడు. రక్తం సూపిచ్చుకొనొస్త అని అంగి తొడుక్కున్నడు. నేనే ఆపిన. జరం దిగింది గదా, తొవ్వల వాగు పారుతాంది, రేపు పోదువులే అన్న." ఆమె ఏడవడం లేదు. నన్నే చూస్తోంది. "మరి నా ముక్కలు పరువవేంది? గిది ఏ కాడ పోయినట్టు?"

అందరి ముక్కలూ చకచకా పరిచినదాన్ని, ఇప్పుడు ఆమెవి పరిచే వంతు వచ్చింది. పంచిన కాడనే అత్తమ్మా అని అబద్ధం చెప్పొచ్చు. ఊరంతా అదే చెబుతోంది కదా.

ఇక్కడ మీకు ఒకటి చెప్పాలి. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, ఇప్పటిదాకా మీకూ చెప్పలేదు. నాలుగో రోజు మామ నాకు ఫోన్ చేశాడు. రూపాయి డబ్బా ఫోను. "సలిజరమే బిడ్డా, తగ్గుతలేదు. నువ్వొస్తే జర పెద్ద దవాఖానాకు పోదుము" అన్నాడు. యూనిట్ టెస్టుల పేపర్లు నా ముందు కట్టగా ఉన్నాయి. "ఆదివారం వస్తా మామా" అన్నాను. "అవ్, గట్లనే రా" అన్నాడు. రూపాయి అయిపోయి ఫోను తెగింది. ఆదివారానికి ఆయన లేడు. పదకొండు రోజులుగా నేను ఊరి మీద కోపం పెంచుకున్నదీ, వచ్చి అరిచిందీ ఆ ఫోను వినపడకుండా ఉండటానికే.

"పారేసిన కాడనే అత్తమ్మా" అన్నాను. "నీదీ, నాదీ." ఫోను సంగతి చెప్పాను. అందరి ముందూ చెప్పాను. అత్తమ్మ విని, తల ఊపి, లోపలికి వెళ్లింది. మా నాన్న నన్ను తిట్టలేదు. బాబాయ్ లేచి నా బకెట్టు అందుకుని, మిగిలినవాళ్లకు వడ్డించడం మొదలుపెట్టాడు.

నేను వారం సెలవు పెట్టి అక్కడే ఉండిపోయాను. దినమయ్యాక నాలుగో రోజు పొద్దున్నే అత్తమ్మ రెండు దుప్పట్లు కప్పుకుని పడుకుని ఉంది. పళ్లు టకటకలాడుతున్నాయి. "ఏం గాదు, ఏడ్సి ఏడ్సి ఒళ్లు కాగింది. వాన పడ్తాంది, రేపు సూద్దాం" అంది. నేను వాదించలేదు. బాబాయ్ ఇంటికి పరిగెత్తాను. ఆయన గెలలు దించుతున్నవాడల్లా ట్రాక్టరు వెనక తొట్టిని విడదీసి ఇంజను తెచ్చాడు. వాగు మోకాలి లోతున పారుతోంది. అత్తమ్మను ఇద్దరం పట్టుకుని మడ్గార్డు మీద కూర్చోబెట్టాం. దారి పొడవునా ఆమె మా ఇద్దరినీ తిట్టింది.

సర్కారు దవాఖానాలో రక్తం పరీక్ష చేసే మనిషి ఉన్నాడు. అత్తమ్మ ఉంగరం వేలు తుడిచి, సూదితో గుచ్చి, గాజు పలక మీద చుక్క తీశాడు. ఇంకో పలక అంచుతో దాన్ని పలచగా లాగాడు. ఆరాలి, కాసేపు ఉండండన్నాడు. బాబాయ్ గుమ్మం దగ్గర తడిసిన చొక్కా పిండుకుంటున్నాడు. అత్తమ్మ తిట్లు ఆపేసి నా మణికట్టు పట్టుకుంది. నాకు అప్పటికీ కోపంగానే ఉంది. ఇద్దరం బల్ల మీద కూర్చుని, గాజు మీద ఆ ఎరుపు అంచుల నుంచి లోపలికి మెల్లగా ఆరుతుంటే, కన్ను తిప్పకుండా చూస్తున్నాం.