చిన్నాయన తలస్నానం... అవ్వకు చలి

ఏం సూరీ, బాగున్నావా? జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు... అంగట్లో బేరాల మధ్య ఫోన్ ముట్టుకునే తీరిక లేదు. నీ పాత జీపులో హీటరు వేస్తే చల్లగాలే వస్తోందని అడిగావు కదా. అది చదవగానే నాకు పాత కోపం మళ్ళీ లేచింది. అందరూ చదివేలా ఇక్కడే రాస్తున్నా.

మా చిన్నప్పుడు... కొత్తచెరువు ఊళ్ళో మాకొక పాత వ్యాను ఉండేది. నడిపేది చిన్నాయన. మా బోరులో ఉప్పునీళ్ళు... మంచినీళ్ళు ట్యాంకరు వస్తేనే. అయినా ఉప్పునీళ్ళు పోస్తే రేడియేటరు పాడవుతుందని, తాగే నీళ్ళలోంచే అమ్మ వారం వారం ఒక బిందె వ్యానుకని చిన్నాయన చేతికిచ్చేది.

ఒక చలికాలం అవ్వకు ఆయాసం ఎక్కువైంది. చలిగాలి తగిలితే ఊపిరి అందేది కాదు. పొద్దున్నే అందరం బెంగుళూరు ఆసుపత్రికి బయల్దేరాం.

"హీటరుండాది లేమ్మా, వెచ్చగా పోదాం" అన్నాడు చిన్నాయన.

పెనుకొండ దాటినా... మీట ఎంత తిప్పినా చల్లగాలే. అవ్వ ఛాతీలో పిల్లికూతలు. నాయన బండి ఆపించి బానెట్ ఎత్తాడు. ఇంజను వేడినీళ్ళు హీటరుకు పోయే పైపు చెయ్యి కాలేంత వేడి... తిరిగొచ్చే పైపు చల్లగా ఉంది.

"మధ్యలో ఏమో అడ్డం పడిండాది" అన్నాడు.

ఇంజను చల్లారాక పైపు ఊడదీసి తడితే తెల్లటి పెచ్చులు రాలాయి. అమ్మ ఒకటి చేతిలోకి తీసుకుంది. స్నానాలకు నీళ్ళు కాచే అండాకు కట్టేది అదే!

"ఇది బోరునీళ్ళ సున్నం. నేనిచ్చిన బిందెలు ఏమాయెనప్పా ఓబులేసూ?"

చిన్నాయన చెయ్యి తలమీదికి పోయింది. పట్టులా మెరిసే ఆ జుట్టు మా వీధిలో ఇంకెవరికీ లేదు.

"ఉప్పునీళ్ళు పోసుకుంటే జుట్టు పీచైతాండాది వదినా..."

"థూ! మేం గొంతులు ఎండబెట్టుకుని దాస్తే నువ్వు తల పోసుకుంటాండావా? ఆ జుట్టే కప్పు మీ అమ్మకు... చలి ఆగుతాదేమో చూద్దాం!"

నాయన పైపు నోట్లో పెట్టి గట్టిగా ఊదాడు. సున్నం నీళ్ళు బయటపడ్డాయి. కారిపోయిన నీళ్ళకు బదులు పొయ్యడానికి అవ్వ తాగే నీళ్ళ సీసా ఒక్కటే ఉంది... పైపు బిగించి అదీ పోసేశాం. అప్పుడొచ్చింది, గోరువెచ్చటి గాలి.

ఇక నాయనే నడిపాడు. "పోనీలేరా... ఈ కాళ్ళు రవంత పట్టుకో, మంచుగడ్డలైపోయిండాయి" అంది అవ్వ చిన్నాయనతో. అవ్వ ఆసుపత్రికి చేరింది, ఆ తర్వాతా చాన్నాళ్ళు బతికింది. ఆమె క్షమించింది. నేను మాత్రం లేదు.

ఇప్పుడు రేడియేటరులో పోసే కూలెంటు డబ్బాల్లో దొరుకుతోంది, మంచినీళ్ళ క్యాను ఇంటికే వస్తోంది. నిన్న మావాడు ఆ క్యాను నీళ్ళతో బైకు కడుగుతుంటే మగ్గు లాక్కున్నా.

"ఏమైతాది నాయనా, ఇంకోటి తెప్పిస్తే పోయె" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది... తల ఎగరేయడం కూడా అచ్చం చిన్నాయనే!

మీ ఇళ్ళలో బిందెడు నీళ్ళ కోసం ఎవరు ఎవర్ని తిట్టారో రాయండి... సూరీ, నువ్వు ముందు రేడియేటరులో నీళ్ళున్నాయా చూడు, ఇంజను చల్లగా ఉన్నప్పుడే మూత తియ్యి. ఆ తర్వాత బండి వేడెక్కాక హీటరు పైపులు రెండూ పట్టి చూడు. ఒకటి చల్లగా ఉంటే ఇటే తీసుకురా, ఊదేద్దాం. మంచినీళ్ళ బిందె నా దగ్గరే పెట్టుకుంటా... ఎప్పుడొస్తావు?