పేరమ్మ గంప

మనుబోలు దాటి లోపలికి పోతే వచ్చే పల్లెల్లో పేరమ్మను అందరూ స్వర్ణమ్మ అంటారు. అది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. ముప్ఫై రెండేళ్ళ కిందట చేపల తట్ట నెత్తిన పెట్టుకుని మొదటిసారి ఆ ఊళ్ళకు వచ్చినప్పుడు, ఒక రైతు భార్య "నీ పేరేంది?" అని అడిగితే నోటికి వచ్చిన అబద్ధం అది. పేరమ్మ ఉండే పాలెం విడవలూరు అవతల, సముద్రం పక్కన. చేపలు కొనే ఊళ్ళు చుట్టూ ఇరవై ఉన్నా, వాటన్నిటినీ వదిలేసి రెండు బస్సులు మారి ఇంత దూరం రావడానికి కారణం ఆమె అసలు పేరే.

ఆ రోజు బిందు వాళ్ళ వాకిట్లో థర్మాకోల్ పెట్టె దించి మూత తీసింది. బిందు ఆ ఇంటికి కొత్త కోడలు. డిగ్రీ చదివిన పిల్ల, చేప కడుపు నొక్కి చూడడం ఇంకా చేతకాదు. పైనున్న పార చేపను వేలితో తాకి, కళ్ళెగరేసింది.

"పైన బాగానే ఉండాయి. ఇది పేరమ్మ గంప కాదు గదా స్వర్ణమ్మా?"

పేరమ్మ చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది.

"ఆ మాట నీకెవరు చెప్పినారు తల్లీ?"

"ఒకరు చెప్పేదేంది, అందరూ అంటా ఉండారు. అదొక బ్యాండు పేరు. మా తమ్ముడు పొద్దస్తమానం అదే వింటా ఉంటాడు, చూడు."

ఫోన్లో ఐదుగురు కుర్రాళ్ళు. బోర్లించిన పడవ మీద ఒకడు గిటారు పట్టుకుని కూర్చున్నాడు. వెనక గుడ్డ మీద ఎర్ర అక్షరాలు. పేరమ్మ మూడో తరగతి దాకా చదివింది, కూడబలుక్కుంటే చదవగలదు. పే, ర, మ్మ. మిగతా రెండక్షరాలు కూడబలుక్కోవాల్సిన పని లేకపోయింది. నడుమ నిలబడి డప్పు కొడుతున్నవాడు ఆమె తోడికోడలు రాఘవమ్మ మనవడు చిన్నబాబు.

"ఇంతకీ ఎవరంట ఆ పేరమ్మ?" అని అడిగింది, గొంతు మామూలుగా పెట్టుకుని.

"ఎవరో మోసకారి ముసల్దంట. పాత కథ. నిజంగా ఎక్కడుంటుందిలే!" అని బిందు నవ్వి, అదే చేపను తూకం వేయమంది.

ఇంకా తొమ్మిది ఇళ్ళు తిరగాల్సి ఉంది. పేరమ్మ ఒక్క ఇంటికీ పోలేదు. సగం పెట్టె మిగలబెట్టుకుని బస్సెక్కింది. గాలివానలో కూడా అట్లా తిరిగి రాని మనిషి.

ఆ కథ పాలెంలో పుట్టిన ప్రతి బిడ్డకూ తెలుసు. విడవలూరు పక్క ఊళ్ళో ఆదిశేషమ్మ అనే పెద్ద రైతు ఇల్లాలు, ఇంట్లో విందుకని చేపలు చెప్పింది. పేరమ్మ గంప తెచ్చి దించింది. పైన వంజరాలు మిలమిలా మెరుస్తున్నాయి. ఆదిశేషమ్మ గాజులు వెనక్కి నెట్టుకుని చేయి లోపలికంటా పెట్టి కిందినుంచి ఒకటి లాగింది. కడుపు చీకిపోయి, మొప్పలు బూడిద రంగుకు తిరిగిన కానాగంత చేప అది. దాని కిందివన్నీ దాని చెల్లెళ్ళే. ఆదిశేషమ్మ మారు మాట్లాడకుండా గంపను నడివీధిలో బోర్లించింది. కుక్కలు సైతం పైచేపలనే ఏరుకుని పోయాయి.

అప్పటి నుంచి ఆ చుట్టుపక్కల పైకి ఒకటి, లోపల ఒకటి ఉన్న దేన్నయినా పేరమ్మ గంప అంటారు. పైన తారు పూసి కింద ఇసుక పోసిన రోడ్డు పేరమ్మ గంప. మీద నాలుగు ముక్కలు పేర్చి అడుగున ఉత్త అన్నమే పెట్టిన బిరియానీ పేరమ్మ గంప. ఫోటోలో ఒత్తుగా జుట్టుండి, పెళ్ళిచూపుల్లో టోపీ తీయని పెళ్ళికొడుకు పేరమ్మ గంప. గంపలు పోయి, ప్లాస్టిక్ టబ్బులు వచ్చి, అవీ పోయి థర్మాకోల్ పెట్టెలు వచ్చినా మాట మాత్రం పోలేదు. అయితే ఇన్నేళ్ళూ అది విడవలూరు మండలం దాటలేదు. ఇప్పుడు డప్పు కొట్టి మరీ దాటించాడు చిన్నబాబు.

బస్సు దిగిన పేరమ్మ తన ఇంటికి పోకుండా నేరుగా రాఘవమ్మ వాకిట్లోకి పోయింది. రాఘవమ్మ పట్టా మీద ఎండుచేపలు తిరగేస్తోంది.

"ఏందక్కా, నీ మనవడు నా పేరు పెట్టి డప్పు కొడతా ఉండాడంటనే?"

"నీ పేరేమన్నా నీకొక్కదానికే రాసిచ్చినారా మే? పాలెంలో పేరమ్మలు ఏడుగురు ఉండారు."

"ఏడుగురికీ గంపలు ఉండినాయి. వీధిలో బోర్లించింది నాదాన్ని."

"నీదాన్నే గదా. మరి పిల్లోడు లేనిదేమన్నా అన్నాడా?"

"కింద ఉండినవి ఎవరివక్కా?"

రాఘవమ్మ తలెత్తకుండా ఇంకో వరస తిరగేసింది. "ముప్ఫై ఏళ్ళ నాటి చేపలకు ఇప్పుడు ముళ్ళు ఏరతా ఉండావా? నీ చూపు పడితే ఎండినవి కూడా కుళ్ళతాయి. జరుగు పక్కకు."

"ఆ పేరు తీసేయమని చెప్పు. తీయకపోతే కాపుల ముందర పంచాయితీ పెడతా."

"పెట్టుకో. పాచి చేపలు ఎట్టా అమ్మినావో నీ నోటితో నువ్వే చెప్పుకోవాల. నేను ముందు వరసలో కూర్చుని వింటా."

ఆ మాట నిజమని తెలిసే పేరమ్మ ఇన్నేళ్ళూ నోరు మూసుకుంది. దానికి ఇంకో కారణం కూడా ఉండేది. వాళ్ళ మొగుళ్ళు అన్నదమ్ములు, ఇద్దరిదీ ఒకే పడవ. ఆడవాళ్ళ మాట పడవలోకి పోతే సముద్రం మీద ఒకరి తాడు ఒకరు పట్టరని భయం. ఇప్పుడు అన్నదమ్ములిద్దరూ పోయారు, పడవనూ అమ్మేశారు. కాపాడుకోవడానికి ఇంకేం మిగిలింది? ఆ పూట అన్నం వండుకోకుండా పేరమ్మ అదే ఆలోచించింది. తెల్లవారి పాలెం కులపెద్ద, పెద్దకాపు పోలేరయ్య గడప తొక్కింది.

పాలెంలో పెద్దకాపు మాటంటే మాటే. ఆయన దురాయి వేస్తే, అంటే ఫలానా పని చేయకూడదని కట్టడి చేస్తే, కలెక్టరు వచ్చినా మారదు. కాదన్నవాడి పడవ నెల రోజులు ఇసుకలోనే ఉంటుంది. వేటకు పోవద్దని దురాయి వేశారు, చిన్న కన్ను వలలు వాడొద్దని వేశారు. ఒక మాట అనకూడదని దురాయి వేయమని ఇంతవరకు ఎవరూ అడగలేదు. పేరమ్మే మొదట అడిగింది.

ఆదివారం కాపులు చేపల వేలంపాటల షెడ్డు కింద కూర్చున్నారు. పాలెం పాలెమంతా వచ్చింది. రాఘవమ్మ అన్నట్టే ముందు వరసలో కూర్చుంది.

పోలేరయ్య ముందు చిన్నబాబును లేపాడు. "ఏం అబ్బయా, లోకంలో పేర్లే లేవా నీకు?"

"అన్నీ అయిపోయినాయి తాతా. ముందర సాగర కెరటాలు అని పెట్టుకున్నాం. ఒక్కడూ పిలవలా. గంగపుత్ర బీట్స్ అన్నాం. అదే పేరుతో ఇంకా మూడు ఉండాయంట. ఈ పేరు పెట్టినాక నాయుడుపేట దాకా పిలస్తా ఉండారు."

"పేరుకు అర్థం ఉండొద్దా?"

"ఉంది తాతా. మా పాట పైకి మెత్తగా, జోలపాట మాదిరి మొదలవతాది. అడుగున డప్పు దాచిపెడతాం. రెండో చరణంలో ఒక్కసారి మీద పడతాది. పేరమ్మ గంపే గదా అది?" అని, పేరమ్మ వైపు తిరిగాడు. "నిన్ను తిట్టాలని కాదు చిన్నవ్వా. అసలా మాట నీ మీద పుట్టిందన్న సంగతే పేరు పెట్టేటప్పుడు తలకాయలోకి రాలా."

"వచ్చుంటే పెట్టేవాడివి కాదా?"

వెనక ఎవడో కిసుక్కున నవ్వాడు.

"నవ్వరా నవ్వు," అంది పేరమ్మ. "మీ అమ్మ నీకు చూసిన సంబంధాన్ని కూడా ఆ మాటే అనింది, పోయి అడుగు."

నవ్వు మారి అటు తిరిగింది. పోలేరయ్య కర్రతో నేల మీద కొట్టాడు. "పేరమ్మా, దురాయి వేయాలంటే ఆ మాట ఎక్కడ పుట్టిందో తేలాల. చెప్పు, ఏం జరిగింది?"

పేరమ్మ లేచి నిలబడి కొంగు నడుముకు దోపుకుంది.

"పైన వంజరాలు నావి. అప్పుడే వలలోంచి తీసినవి. కింద కానాగంతలు మా అక్కవి. ముందు రోజు అమ్ముడుపోక మిగిలిపోయినాయి. బస్సులో నా పక్కన కూర్చుని బతిమాలింది. విందు ఇల్లు మే, చింతపండు పులుసులో ఎవరికి తెలస్తాది, నా చేపలు నీ అడుగున వేసుకోమని. నేను సరేనన్నా. గంప బోర్లించినప్పుడు ఈమె జనంలో నిలబడుకోనుంది. నేను నోరు తెరిచే లోపల ఈమే అరిచింది, చూడండమ్మా పేరమ్మ గంప అని. ఆ మాట లోకంలో మొదట పుట్టింది మా అక్క నోట్లో."

"అబద్ధం!" రాఘవమ్మ లేచింది. "నాకు మొగుడు లేడని, అడిగే దిక్కు లేదని నా మీదకు తోస్తా ఉంది. నీ దొంగతనం నువ్వు మొయ్యి."

"మూడు రోజుల చేపలు, పిడికెడు మంచు కూడా లేకుండా తెచ్చింది పోలేరయ్యన్నా. ముక్కు మూసుకుని గంపలో సర్దినా," అంది పేరమ్మ.

"మూడు రోజులు ఎక్కడివే పాపిష్టిదానా! ఒక్క రాత్రివి! రెండు పలకల మంచు నా చేత్తో పగలగొట్టి పోసినా!"

మూడు రోజులన్నది పేరమ్మ వేసిన ఎర. రాఘవమ్మకు తానేం అన్నదో అర్థమయ్యేసరికి పాలెమంతా ఆమె మొహమే చూస్తోంది. ఆమె కూర్చోలేదు, తల దించలేదు. "అయితే ఏంది? వేసుకున్నది ఆమె గదా? నేనేమన్నా కత్తి పెట్టి వేయించినానా?"

"లేదు," అంది పేరమ్మ. "నేనే వేయించుకున్నా. సగం తప్పు నాది, కాదనను. పేరు మాత్రం మొత్తం నాదెట్టా అయింది?"

పోలేరయ్య గొంతు సవరించుకున్నాడు. "సరే. ఇకమీదట ఆ మాట ఎవరూ అనకూడదని దురాయి వేస్తా. రేపు ఆదెయ్య నాలుగు పాలేల్లో మైకు కట్టుకుని చాటతాడు."

చాటింపు వేసే ఆదెయ్య బుర్ర గోక్కున్నాడు. "ఏమని చాటేది అన్నా? ఏ మాట అనకూడదో చెప్పకుండా ఎట్టా చాటాల?"

"చెప్పే చాటు. పేరమ్మ గంప అనే మాట అనబాకండి అని."

"పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. నాలుగు పాలేలు. మూడు రోజులు." ఆదెయ్య వేళ్ళు మడిచి చెప్పేసరికి షెడ్డంతా గొల్లున నవ్వింది. రాఘవమ్మ అందరికన్నా గట్టిగా నవ్వింది.

పేరమ్మకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఆ మంటలోనే ఒక సంగతి తెలిసొచ్చింది. మాట ఆగదు. అడ్డుపడేకొద్దీ ఇంకా పోతుంది.

"నాకు దురాయి వద్దు," అంది. నవ్వులు తగ్గే దాకా నిలబడి మళ్ళీ అంది. "పేరు తీయొద్దు. పెట్టుకోనీ. అయితే వీడు ఎక్కడ పాడినా, మొదటి పాటకు ముందు మైకులో ఒక ముక్క చెప్పాల. పైన చేపలు పేరమ్మవి, కింద చేపలు మా అవ్వ రాఘవమ్మవి, మోసం ఇద్దరిదీ అని. అట్టా చెప్పలేకపోతే పేరు మార్చుకోవాల. అంతే నేను అడిగేది."

"చస్తే చెప్పడు!" అని అరిచింది రాఘవమ్మ.

పోలేరయ్య పక్కనున్న కాపులతో మాట్లాడి, అదే తీర్పన్నాడు. చిన్నబాబు నేల చూస్తూ నిలబడ్డాడు. అటు అవ్వ, ఇటు నాయుడుపేట దాకా పిలిపించిన పేరు. చివరికి "చెప్తా" అన్నాడు. ఆ రోజు నుంచి రాఘవమ్మ వాడికి అన్నం పెట్టలేదు. వాడు గిటారు కొట్టేవాడింట్లో తిన్నాడు.

తీర్పు తర్వాత మొదటి పాట గంగమ్మ తిరునాళ్ళలో. పొద్దు ఇంకా ఉండగానే ఇసుకలో వేసిన స్టేజీ ముందు జనం కూడారు. పేరమ్మ అందరికన్నా ముందు వచ్చి సరిగ్గా మైకుకు ఎదురుగా కూర్చుంది. ఆమె పక్కన ఒక్కరూ కూర్చోలేదు. మోసం ఇద్దరిదీ అని తానే ఒప్పుకున్నాక ఆమెను చూసే చూపులు మారాయి. అది ఆమెకు తెలుసు. నాలుగు వరసల వెనక రాఘవమ్మ, చుట్టూ ఆమె కూతుళ్ళు.

చిన్నబాబు మైకు అందుకుని గబగబా అన్నాడు. "పైన చేపలు పేరమ్మవి కింద చేపలు రా... మ్మవి మోసం ఇద్దరిదీ. ఇప్పుడు పాట."

"వినపళ్ళా," అంది పేరమ్మ. "కింద ఎవరివి?"

"చెప్పినా గదా చిన్నవ్వా."

"నాకు వినపళ్ళా. ఈ జనానికీ వినపళ్ళా. మళ్ళీ చెప్పు."

"ఒరే చిన్నబాబూ!" వెనక నుంచి రాఘవమ్మ గొంతు. "మళ్ళీ అన్నావంటే నేను చచ్చినా కొరివి పెట్టడానికి రాబాక!"

చిన్నబాబు ఒకసారి అటు, ఒకసారి ఇటు చూశాడు. గిటారువాడు కళ్ళు మూసుకున్నాడు. చిన్నబాబు మైకును నోటికి ఆనించి, ఒక్కొక్క మాట విడదీసి, అవతలి పాలేనికి కూడా వినపడేట్టు చెప్పాడు.

"కింద చేపలు మా అవ్వ రాఘవమ్మవి."

జనం ఒక్కసారిగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. రాఘవమ్మ గుప్పెడు ఇసుక తీసి స్టేజీ వైపు విసిరింది. అది నాలుగు వరసలు దాటి పేరమ్మ నెత్తిన పడింది.

"నీ నోట్లో మన్ను పొయ్య! ముండమోసిందానా! నా ఇంట్లో పిల్లోడి చేతనే నన్ను తిట్టిస్తావంటే!"

పేరమ్మ లేచి, తలలో ఇసుక దులుపుకోకుండానే వెనక్కి తిరిగింది. "తిట్టలా అక్కా! నువ్వు ముప్ఫై రెండేళ్ళు నన్ను తిట్టించినావే, దాంట్లో నీ సగం నీకు ఇచ్చినా! తీసుకో!"

"సగమంట సగం! గంప నీది గదే!"

"చేపలు నీవి గదే!"

ఈ అరుపులు ఆగేట్టు లేవని చూసి చిన్నబాబు మైకు వదిలి డప్పు ఎత్తుకున్నాడు. ఆ పూట జోలపాట లేదు, మెత్తటి మొదలు లేదు. డప్పు మీద మొదటి దెబ్బ పడినప్పుడు పేరమ్మ ఇంకా తిడుతూనే ఉంది.