నేను బయట పెట్టించిన సంచి

మా షోరూములో నిలబడి ఎదురు షోరూముకు ఒక ట్రాక్టరు అమ్మిపెట్టిన ఘనత నాది. ఎలాగో చెబుతాను. మీరు నవ్వుకోండి, నాకైతే ఆ రోజు ఏడుపొచ్చింది.

అప్పుడు నాది పటాన్‌చెరు హైవే మీద సేల్స్ ఉద్యోగం. మా నాన్న ఫ్యాక్టరీ ఉద్యోగానికి గుంటూరు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను క్వార్టర్సులో పెరిగిన పిల్లను, రోడ్డు మీద దారివ్వడం తప్ప ట్రాక్టరుతో పరిచయం లేదు. మూడు నెలల్లో ఒక్కటీ అమ్మలేదు. బుధవారం మేనేజర్ సుదర్శన్ సార్ తేల్చేశారు.

"రేపు ఒక్క బండన్న పోవాలె అరుణా. లేకుంటె ఎల్లుండి రాకు."

వచ్చినవాళ్లు కొనడానికి ఎంత దగ్గరలో ఉన్నారో చూసి వేడి, గోరువెచ్చన, చల్లన అని పుస్తకంలో రాయమని శిక్షణలో నేర్పారు. అంత కష్టం ఎందుకని నేనో సులువు కనిపెట్టాను. బండిని మెచ్చుకుంటే వేడి, వంక పెడితే చల్లన. ఎంత తెలివో చూడండి!

గురువారం పొద్దున పదింటికి ఒక తెల్లచొక్కా ఆయన వచ్చాడు. పాశమైలారం ఫ్యాక్టరీలో సూపర్‌వైజరట. "సూపర్ బండి మేడం! ఏం లుక్కున్నది!" అంటూ సీటెక్కి ఫోటో దిగాడు. నేను 'వేడి' అని రాసి, కింద రెండు గీతలు గీసి, టీ తెప్పించాను.

అంతలో లక్డారం రైతు నర్సింహులు భార్యతో వచ్చాడు. అప్పటికే మూడుసార్లు వచ్చాడు. ఒకసారి బావమరిదితో, ఒకసారి మెకానిక్‌తో, ఒకసారి ఒంటరిగా. వచ్చినప్పుడల్లా వంకలే. ఆ రోజూ మొదలుపెట్టాడు.

"సీటు గింత గట్టిగున్నదేంది బిడ్డా? రంగు గూడ మంచిగ లేదు."

నేను 'చల్లన' అని రాశాను. ఆయన చేతిలో బరువైన గుడ్డసంచి ఉంది.

"బాబాయ్ గారూ, ఆ సంచి బయట పెట్టండి. టైల్స్ పాడవుతాయి."

ఆయన సంచిని బయట పెట్టొచ్చాడు.

"టైమెంతయింది బిడ్డా?"

"గోడ మీద గడియారం ఉందిగా."

"గీ బండిని జెర బయటికి తీసి, తూర్పు ముఖం పెట్టిస్తవా?"

"దాని మీద సార్ కూర్చున్నారు కదండీ. కాసేపు ఆగండి."

"చెంబెడు నీళ్లు దొరుకుతయా అమ్మా?" అంది ఆయన భార్య. నేను కూలర్ చూపించి, ప్లాస్టిక్ గ్లాసు చేతిలో పెట్టాను. ఆమె ఆ గ్లాసునూ, ట్రాక్టరు టైర్లనూ మార్చిమార్చి చూసింది. నర్సింహులు ఇంకో రెండుసార్లు టైము అడిగాడు. తర్వాత ఇద్దరూ కనిపించలేదు. పీడ పోయిందనుకున్నాను. పాపం తగలాలి నాకు.

"అయితే సార్, బుక్ చేద్దామా?" అని తెల్లచొక్కాను అడిగాను.

"నాకెందుకు మేడం? ఉండేది కిరాయి ఇంట్ల. గుంట భూమి లేదు. మా కంపెనీ బస్సు మీ ముంగటనే ఆగుతది. ఎండ గొడుతుందని ఏసీల కూసున్న. అగో, వచ్చింది!" అని దూకి పరుగెత్తాడు.

అప్పుడే రోడ్డు అవతల ఫట్‌మని కొబ్బరికాయ పగిలింది. ఎదురు షోరూము ముందు కొత్త ట్రాక్టరు తూర్పు ముఖంగా నిలబడి ఉంది. టైర్ల కింద నిమ్మకాయలు, మీద బంతిపూలు. పక్కన నేను బయట పెట్టించిన సంచి, ఖాళీగా.

కాసేపటికి నర్సింహులు భార్య రోడ్డు దాటి వచ్చి నా చేతిలో కొబ్బరిముక్క పెట్టింది.

"తీస్కో బిడ్డా. నీ దగ్గర్నే కొందామని వచ్చినం. పదకొండు దాటితే మంచి గడియ పోతదని ఇగ గాడికి పోయినం. ఏమనుకోకు."

ఆమె అంత మంచిగా చెప్పడంతో నాకు సిగ్గు ఇంకా ఎక్కువైంది. కొనని బండికి మూడుసార్లు వచ్చి మెకానిక్‌కు చూపించేంత ఖాళీ ఏ రైతుకుంటుంది?

వెనక నుంచి సుదర్శన్ సార్ గొంతు వినిపించింది.

"ప్రసాదం మంచిగున్నదా అరుణా?"

"బాగుంది సార్."

"మెల్లగ తిను. రేపట్నుంచి ఎట్లాగూ పని లేదు."

ఇప్పుడు సంగారెడ్డిలో స్కూటర్లు అమ్ముతున్నాను. ఆ కొబ్బరిముక్క మీద ఒట్టేసి చెబుతున్నాను. నా కంఠంలో ప్రాణం ఉండగా ఎవరి సంచీ బయట పెట్టించను. బండిని తిట్టేవాళ్లకు కుర్చీ వేస్తాను. మెచ్చుకునేవాళ్లకు బస్సు టైము చెబుతాను.