కొత్త కంప్యూటర్లో దుమ్ము

లోకంలో పాడయ్యే వస్తువులు లక్ష ఉండొచ్చు గానీ, వాటన్నిటికీ వచ్చే జబ్బు మాత్రం ఒక్కటేనని బాబాయి సిద్ధాంతం. ఆ జబ్బు పేరు దుమ్ము. ఫ్యాను తిరక్కపోయినా దుమ్మే, ఫోను మోగకపోయినా దుమ్మే, టీవీలో బొమ్మ కనబడి మాట వినబడకపోయినా దుమ్మే. చొక్కా జేబులో అందరూ పెన్ను పెట్టుకుంటే ఆయన రంగులు వేసే బ్రష్షు పెట్టుకుంటాడు. బజారు చివర ఆయనకో రిపేరు కొట్టుంది. ఊరు మొత్తం మీద అంత దుమ్మున్న చోటు ఇంకోటి లేదు. ఇదేమిటని ఎవరైనా అడిగితే, ఆస్పత్రిలో రోగాలుండక పెళ్లివారుంటారా అని ఎదురు ప్రశ్న వేస్తాడు.

అన్న కొడుక్కీ కూతురికీ వరసకి బాబాయి కాబట్టి వాళ్లు బాబాయ్ అన్నారు, బాగానే ఉంది. వాళ్లని చూసి వీధి వీధంతా దుమ్ము బాబాయి అనడం మొదలుపెట్టింది. ఆయన కన్నా పదేళ్లు పెద్దవాళ్లు కూడా అదే పిలుపు. ఆయన పలుకుతాడు. పేరు మీద పట్టింపు ఉన్న మనిషి కాదు.

ఆయన వైద్యానికో పద్ధతుంది. ముందు వస్తువు చుట్టూ ఒకసారి తిరుగుతాడు. ఎక్కడో ఓ చోట వేలు పెట్టి చూస్తాడు. ఆ తర్వాత, దుమ్ము లేస్తుంది, తుమ్ములొస్తాయి, బయటికి నడవండని ఇంటిల్లిపాదినీ గదిలోంచి తరిమేసి తలుపేసుకుంటాడు. లోపలినుంచి ఫూ, ఫూ అని ఊదుడు వినిపిస్తుంది. కాసేపటికి తలుపు తీసి, "దుమ్ము," అంటాడు. వస్తువు మాత్రం నిక్షేపంలా పనిచేస్తుంటుంది.

ఈ దుమ్ము వల్ల ఆయనకు వచ్చినన్ని తగువులు ఆస్తుల వల్ల కూడా ఎవరికీ వచ్చి ఉండవు. పళ్ల డాక్టరు గారి క్లినిక్‌లో ప్రింటరు మొండికేస్తే వెళ్లి బాగుచేసి, దుమ్మండీ అన్నాడు. రోజుకి నలభైసార్లు చేతులు కడుక్కునే మనిషి ఆ డాక్టరు. నా క్లినిక్‌లో దుమ్మా అని అక్కడికక్కడే కుర్చీలో కూలబడ్డాడు. ఇక అత్తయ్య సంగతి చెప్పక్కర్లేదు. పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి నేల అద్దంలా తుడుస్తుంది. ఆవిడ మిక్సీ తిరగకపోతే బాబాయి చూసి, దుమ్మక్కా అన్నాడు. ఆవిడ నెల్లాళ్లు తమ్ముడితో మాట్లాడలేదు. ఆ తర్వాత, వచ్చి ఇల్లంతా చూసుకుని వెళ్లమని కబురు పంపింది. ఈయన వెళ్లాడు. కూర్చోబోతూ అలవాటు చొప్పున కుర్చీ మీద ఫూ అని ఊదాడు. మళ్లీ ఇంకో నెల మాటల్లేవు.

ఈ కథలన్నీ నలుగురిలో చెప్పి అందరికంటే ఎక్కువ నవ్వేవాడు అన్నయ్య. అన్నయ్యంటే బాబాయి అన్న కొడుకే. కంప్యూటర్లు చదువుకున్నవాడు. ఓ ఆఫీసులో కంప్యూటర్లన్నీ తనే చూసుకునేవాడు, ఆ ఆఫీసు మూతపడ్డాక ఇంట్లోనే ఉంటున్నాడు. జేబులోంచి లేని బ్రష్షు తీసి, కళ్లు చిట్లించి, ఫూ అని ఊదితే అచ్చు బాబాయే దిగివచ్చినట్టుండేది. ఆ మధ్య అదొక్కటి చేసేటప్పుడే వాడి మొహంలో కాస్త కళ కనబడేది.

ఇలా ఉండగా చెల్లెలికి కొత్త కంప్యూటరు అవసరం పడింది. ఆ పిల్ల కంప్యూటర్లో ఆటలు ఆడుతుంది. ఆటలంటే పొద్దుపోక ఆడేవి కాదు, జట్లూ పోటీలూ కెప్టెన్లూ ఉన్న ఆటలు. ఒక మంచి జట్టులో ఒక చోటు ఖాళీ అయింది. ఆదివారం సాయంత్రం ఆరింటికి మాతో కలిసి ఆడి చూపించు, నచ్చితే తీసుకుంటాం అన్నాడు కెప్టెను. పాత కంప్యూటరుతో ఆ ఆట ఆడటమంటే కుంటి గుర్రంతో పందేనికి వెళ్లడమే. రెడీమేడ్‌ది కొందామని ఇంట్లో అంటుంటే చెల్లెలు ఒప్పుకోలేదు. "అన్నయ్య కడతాడు," అంది.

అన్నయ్య కట్టాడు. మామూలుగా కట్టాడా! ఒక్కొక్క భాగం గురించి వారం రోజులు చదివాడు. అట్టపెట్టెలతో గది నింపాడు. పసిబిడ్డకు స్నానం చేయించినంత జాగ్రత్తగా ఒక్కొక్క స్క్రూ బిగించాడు. ఆదివారం పొద్దున స్విచ్చి వేస్తే లోపల ఎర్రవీ నీలివీ లైట్లు వెలిగి గదంతా తిరిగాయి. వంటింట్లోంచి వచ్చిన అమ్మ గుమ్మంలో ఆగి, ఇది కంప్యూటరా, సర్కసు డేరానా అని అడిగి వెళ్లింది. అన్నయ్య ఛాతీ రెండంగుళాలు ఉబ్బింది.

ఆట తెరిచాక ఆ రెండంగుళాలూ తగ్గాయి. తెర మీద వీరుడు పరుగెత్తుతున్నాడు గానీ, ఎవరో పాత ఫోటో ఆల్బమ్ నింపాదిగా తిప్పుతున్నట్టుంది. ఇక్కడున్నవాడు మాయమై అక్కడ తేలుతున్నాడు. తుపాకీ మీట నొక్కితే గుండు ఆలోచించుకుని బయల్దేరుతోంది. కుంటి గుర్రమే నయమనిపించింది. చెల్లెలు గోడ గడియారం వైపు ఒకసారి చూసి తల వంచుకుంది.

అక్కణ్ణించి అన్నయ్య ఇల్లు పీకి పందిరి వేశాడు. ఆట తీసేసి మళ్లీ ఎక్కించాడు. మెమరీ ముక్కలు ఊడదీసి మళ్లీ గుచ్చాడు. పక్క తలుపు విప్పి లోపలికి టేబుల్ ఫ్యాను తిప్పాడు. వేడెక్కుతోందేమోనని, బొమ్మలు గీసే ఆ ఖరీదైన కార్డు మీద చెయ్యి పెట్టి చూశాడు. మంచులా ఉంది. పొద్దుటినుంచీ వాడికి దొరికిన ఊరట అదొక్కటే. చూశావా, ఎంత బాగా బిగించానో, కాస్త కూడా వేడెక్కలేదని చెల్లెలికి చూపించాడు. కెప్టెన్ రెండుసార్లు సందేశం పంపాడు. అది మోగినప్పుడల్లా అన్నయ్య గడియారం చూసి మళ్లీ మిషను మీదికి వంగాడు. అన్నం వద్దన్నాడు. మంచినీళ్లు కూడా వద్దన్నాడు. ఆ కుర్చీలోంచి లేస్తే మిషను పారిపోతుందన్నట్టు కూర్చున్నాడు.

మధ్యాహ్నం తిరిగాక చెల్లెలు వచ్చి మెల్లగా, బాబాయిని పిలుద్దామా అంది.

అన్నయ్యకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "పొద్దున అట్టపెట్టెలోంచి తీశానే! దుమ్ము పట్టడానికి దీనికి టైమెక్కడిది?"

"పిలిచేశాను అన్నయ్యా. దారిలో ఉన్నాడు."

బాబాయి వచ్చాడు. లైట్ల వంక మెచ్చుకోలుగా చూశాడు. మిషను చుట్టూ ఓసారి తిరిగాడు, వెనక్కి వంగాడు, లేచాడు, కార్డు మీద వేలు పెట్టాడు.

"చల్లగా ఉందేరా."

"అదే కదా బాబాయ్. వేడి సమస్యే లేదు. అంతా సరిగ్గానే ఉంది. కానీ నడవట్లేదు."

బాబాయి వాడి మొహం వంక కాసేపు చూశాడు. "బాగా కట్టావురా. ఒక్క స్క్రూ వదులు లేదు. ఒక్క వైరు అడ్డదిడ్డంగా లేదు. నా కొట్లో నేను కూడా ఇంత శుభ్రంగా కట్టను," అని జేబులోంచి బ్రష్షు తీశాడు. "ఇక బయటికి నడవండి. దుమ్ము లేస్తుంది."

అన్నయ్య కదలనన్నాడు. తను కట్టిన మిషను, అందులోనూ సాయంత్రం పోటీ పెట్టుకుని, బ్రష్షు పట్టుకున్న మనిషికి వదిలి వెళ్లేంత ధైర్యం వాడికి లేదు. చెల్లెలు ఓ రెక్క, అమ్మ ఓ రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చారు. మూసిన తలుపు ముందు నిలబడి వాడు గోళ్లు కొరుక్కున్నాడు. లోపలినుంచి ఫూ అని వినబడింది. ఒక్కొక్క ఊదుడుకీ వాడి భుజాలు ఎగిరిపడ్డాయి. ఆ ఉమ్మి తుంపర ఏ బోర్డు మీద పడుతోందో, ఏది కాలిపోతుందో, చెల్లెలికి ఏం సమాధానం చెప్పాలో అనుకుంటూ కళ్లు మూసుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. బాబాయి బ్రష్షు దులుపుకుంటూ, "దుమ్ము," అన్నాడు.

చెల్లెలు కూర్చుని ఆట తెరిచింది. వీరుడు లేడిపిల్లలా దూకాడు. గోడెక్కాడు, దిగాడు, గిరుక్కున తిరిగాడు. ఎక్కడా తడబాటు లేదు. గుండు ఆలోచించడం మానేసింది. అమ్మకి ఆట తెలియకపోయినా చప్పట్లు కొట్టింది. అన్నయ్య నోరు తెరిచి నిలబడ్డాడు. పట్టపగలు, తళతళలాడే కొత్త మిషన్లో దుమ్మేమిటని అడగబోయి ఆగాడు. ముందు టేబులు గోడకి జరుపుదామని వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

తెరకి వెళ్లే వైరు చోటు మారింది. మిషను వెనక ఒకేలాంటి కన్నాలు రెండుంటాయి. పైది మామూలు బోర్డుది, కిందది ఖరీదైన కార్డుది. పొద్దున తను స్వయంగా పైకన్నంలో గుచ్చిన వైరు ఇప్పుడు కింద ఉంది. పేరుమోసిన వంటవాణ్ణి పిలిచి వరండాలో కూర్చోబెట్టి, వంటంతా వంట రాని ఇంటాయన చేత చేయించినట్టు, పొద్దుటినుంచీ కార్డుకు పనే చెప్పలేదు. పని లేదు కాబట్టే చల్లగా ఉంది. ఆ చల్లదనాన్నే తను అందరికీ చూపించి మురిశాడు. అన్నయ్యకు చెవులు వేడెక్కాయి. కంప్యూటర్లు చదువుకున్నవాడు, ఆఫీసంతటికీ దిక్కయినవాడు చేయాల్సిన తప్పు కాదది.

బాబాయి అప్పటికే గేటు దగ్గర చెప్పులు వేసుకుంటున్నాడు. వాడు పరుగున వెళ్లాడు.

"బాబాయ్, అది దుమ్ము కాదు కదా."

"దుమ్మేరా."

"వైరు..."

"ఒరే, నీ తప్పంటే నీకు బాధ. కంపెనీ తప్పంటే కంపెనీతో తగాదా. దుమ్ముందనుకో, అది ఎవరిది? ఎవరిదీ కాదు. ఎవరూ తల దించుకోనక్కర్లేదు." చెప్పు తొడుక్కుని లేచాడు. "వెళ్లు, లోపల చెల్లెలు ఎదురు చూస్తోంది."

"అందరూ నీకు పిచ్చి అనుకుంటారు బాబాయ్." నిన్నటిదాకా అలా అన్నవాళ్లలో తనే ముందున్నాడని గుర్తొచ్చి వాడికి నిజంగా సిగ్గేసింది.

"అనుకోనీరా. దానివల్ల నాకు బేరాలు పెరిగాయే గానీ తగ్గలేదు," అంటూ బాబాయి బజారు వైపు నడిచిపోయాడు.

ఆరింటికి ఆట మొదలైంది. అన్నయ్య చెల్లెలి కుర్చీ వెనక నిలబడ్డాడు. మిషను ఇప్పుడు గాలిలా నడుస్తోంది, కానీ పొద్దుటి కంగారంతా ఆ పిల్ల వేళ్లలోకి దిగినట్టుంది. మొదటి ఆటలోనే బాంబు తీసుకెళ్లి సొంత జట్టువాడి కాళ్ల దగ్గర వేసింది. స్పీకర్లోంచి కెప్టెను, ఏమైందని పొడిగా అడిగాడు. చెల్లెలి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇంకొక్క క్షణం గడిస్తే ఏడుస్తుందని అన్నయ్యకు తెలిసిపోయింది. మైకు దగ్గరికి వంగాడు.

"నేను వాళ్లన్నయ్యనండీ. కొత్త సిస్టమ్. లోపల కాస్త దుమ్ముంది. ఇప్పుడు దులిపేశాం."

కొత్తదాంట్లో దుమ్మేమిటని కెప్టెను గొణిగాడు. దుమ్ముతో వాదించడం ఎలాగో ఆయనకు తోచలేదు కాబోలు, సరే, ఇది లెక్కలోకి రాదు, మళ్లీ మొదలుపెడదాం అన్నాడు. చెల్లెలు పెదాలు బిగించి నవ్వు ఆపుకుంది. ఆ నవ్వుతో బిగుసుకున్న భుజాలు వదులయ్యాయి. ఇక ఆ తర్వాత ఆమె ఆడిన ఆటకి అవతలి జట్టు ముక్కున వేలేసుకుంది. వచ్చే పోటీనుంచి నువ్వు మాతోనే అన్నాడు కెప్టెను.

భోజనాల దగ్గర అన్నయ్య పొద్దుటి ఆకలి కూడా కలిపి తింటున్నాడు. చెల్లెలు ఉన్నట్టుండి, "వైరు సంగతి నీకు తెలిసిపోయింది కదూ?" అంది.

వాడి చేతిలో ముద్ద ఆగిపోయింది. "నీకెలా తెలుసు?"

మధ్యాహ్నం దువ్వెన టేబులు వెనక పడితే తీయడానికి వంగానని, అప్పుడే చూశానని చెప్పింది. మరి అప్పుడే చెప్పొచ్చు కదా అన్నాడు అన్నయ్య.

"ఎలా చెప్పను? ఆఫీసు మూతపడ్డాక నువ్వు ఇష్టంగా చేసిన పని ఇదొక్కటే. దాంట్లో తప్పుందని నా నోటితో అనమంటావా? నేనే గుట్టుగా మారుద్దామంటే నువ్వు కుర్చీ దిగలేదు. అందుకే బాబాయికి ఫోన్ చేశా. సిస్టమ్‌లో దుమ్ముంది బాబాయ్, అన్నయ్య గది వదలట్లేదు అన్నా. అర్థమైందమ్మా, వస్తున్నా అన్నాడు."

అమ్మ నవ్వుతూ నీళ్లు పోసింది. అత్తయ్య మిక్సీ జార్ సరిగా బిగించలేదట. డాక్టరు గారి ప్రింటరుకి ప్లగ్గే పెట్టలేదట. అన్నయ్య నోరు వెళ్లబెట్టి వింటున్నాడు.

"అంటే, దుమ్ము సంగతి ఊరందరికీ తెలుసా?"

"అందరికీ తెలుసు. ఎవరిది వాళ్లకి తప్ప," అంది అమ్మ.

అన్నయ్య మళ్లీ తినడం మొదలుపెట్టాడు. నాలుగు ముద్దలు తిన్నాక వాడికేదో గుర్తొచ్చింది. నమలడం ఆపి తల ఎత్తాడు.

"మరి పోయినేడు నా బండి ఆగిపోతే, బజారునుంచి కొట్టుదాకా తోసుకెళ్లాను చూడు. బాబాయి పెట్రోలు ట్యాంకు మూత తీసి చూసి, నన్ను టీ తాగి రమ్మని పంపి, వచ్చేసరికి దుమ్మన్నాడు. అదేంటి?"

అమ్మా చెల్లెలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నీ బండా అన్నయ్యా? అది మాత్రం నిజంగా దుమ్మే," అంది చెల్లెలు, మంచినీళ్ల గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకుంటూ.