ఎదురుగా కూర్చున్నాను

నా మనవరాలు చేసిన ప్రతి కొత్త పనినీ మొదట చూసింది నేనే. అందులో ఎవరికీ వాటా ఇవ్వను. అది బోర్లా పడిన రోజు నేను మేకలకు ఆకు వేసి వచ్చేసరికి, చాప మీద తల ఎత్తి, ఎవరో తన్నినట్టు నా వైపు కోపంగా చూసింది. చెయ్యి పొట్ట కింద ఇరుక్కుపోయింది. నేను తీయలేదు. అదే తీసుకునేదాకా చూస్తూ నిలబడ్డాను. కింది పన్ను నా వేలికి గుచ్చుకున్నప్పుడు, గడప దాటి వాకిట్లోకి పాకి మేకపిల్ల చెవి పట్టుకున్నప్పుడు, అప్పుడూ ఉన్నది నేనే. మా అమ్మాయి మార్కాపురంలో బట్టల దుకాణంలో పని చేస్తుంది. అల్లుడు అక్కడే ఆటో తోలుతాడు. పగలంతా చూసేవాళ్ళు లేక, పిల్ల చంటిదిగా ఉన్నప్పుడే యర్రగొండపాలెం పక్కన మా ఊరికి తెచ్చి నా దగ్గర వదిలారు. ఆదివారాలు వచ్చి చూసిపోతారు.

మా వైపు బిడ్డ కొత్తగా ఏది చేసినా ఒక పిండివంట చేసి ఇల్లిల్లూ పంచుతారు. బోర్లా పడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగు వేస్తే అరిసెలు. బొబ్బట్లు, గారెలు చేసింది నేను. పంచింది మటుకు ఆదివారాలు వాళ్ళతో వచ్చే మా వియ్యపురాలు. నేను విధవను. ఇది రాసేవాళ్ళు ఆ మాటను మెత్తబరచి, భర్త పోయిన ఆమె అని రాయొద్దు. నాకు చదువు సంతకం వరకే, అయినా నేను చెప్పిన మాట ఏదో నాకు తెలుసు. విధవ పిండి పిసకొచ్చు, పొయ్యి ముందు కాలొచ్చు, పళ్ళెం పట్టుకుని ఒకరి గడప ముందుకు మాత్రం పోకూడదు. మొగుడు పోయి పదేళ్ళు దాటింది. ఆయన పోవడానికి నేనేం చేశానో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

ఏడాది నిండగానే పిల్ల నులకమంచం పట్టుకుని లేచి నిలబడింది. ఆ ఆదివారం వియ్యపురాలు అది చూసి నన్ను పక్కకు పిలిచింది. మేమిద్దరం ఒకరినొకరం వదినా అనే పిలుచుకుంటాం. మొదటి అడుగు వేసేటప్పుడు ఎదురుగా ముత్తైదువ ఉండాలని, నేను ఎదురైతే పిల్ల కాళ్ళు ఆగిపోతాయని చెప్పింది. నేను నవ్వేశాను. కానీ మరునాడు మా అమ్మాయి ఫోన్ చేసి ఏడ్చింది. అత్త మాట కాదంటే ఇంట్లో గొడవ అవుతుందట, నడిచేదాకా ఎదురు రాకుండా ఉండమంది. కూతురు ఏడిస్తే ఏం చేస్తాను. సరే అన్నాను.

అప్పటినుంచి దాని వెనకే తిరిగాను. అన్నం కూడా వెనక కూర్చునే తినిపించాను. అది మంచం పట్టుకుని లేస్తే నేను గబుక్కున వీపు వైపుకు పోయేదాన్ని. పిల్ల ఏం చేస్తుంది? చేతులు వదిలేది, మెడ తిప్పేది, నడుము మెలిపడి పడిపోయేది. నెలల తరబడి రోజూ అదే. ఊళ్ళో దానికన్నా చిన్నపిల్లలు కోళ్ళ వెంట ఉరుకుతున్నారు. మా బోరు నీళ్ళకు ఎముకలు వంగిపోయినవాళ్ళు ఊరినిండా ఉన్నారు, ఆ భయం ఒకటి నాకు. దానికి క్యాన్ నీళ్ళు తప్ప పోయలేదు. మార్కాపురంలో డాక్టరుకు చూపిస్తే కాళ్ళు బాగున్నాయి, తోచినప్పుడు నడుస్తుంది పొమ్మన్నాడు. వియ్యపురాలికి ఆ మాట చాలలేదు. విధవ కొంపలో పెరిగితే ఇట్లాగే ఉంటుందని, వచ్చే ఆదివారం పిల్లను తన ఇంటికి తీసుకుపోతానని కబురు పెట్టింది. ఆమె కూలికి పోతే పిల్లను చూసేదెవరని అడిగితే, ఎవరో ఒకరులే అంది. ఎవరో ఒకరట.

చెప్పిన ఆదివారం అందరూ ఆటోలో దిగారు. మా అమ్మాయి నా ముఖం చూడకుండా లోపలికి పోయి పిల్ల గౌన్లు సంచిలో సర్దుతోంది. వదిన పిల్లను మంచం దగ్గర నిలబెట్టి, తాను ఎదురుగా గొంతుక్కూర్చుని బిస్కెట్టు చూపించింది. నేను మేకల కొట్టం దగ్గర, పిల్లకు వెనక ఉన్నాను. పిల్ల మంచం వదిలింది. బిస్కెట్టు వైపు చూసింది. మెడ తిప్పి నన్ను చూసింది, పడింది. మళ్ళీ నిలబెట్టారు. మళ్ళీ మెడ తిప్పింది, పడింది.

"చూసినావా, కాళ్ళల్లో సత్తువే లేదు," అన్నది వదిన.

అప్పుడు అర్థమైంది నాకు. ఇన్నాళ్ళూ అది నడక రాక పడలేదు. నన్ను వెతుక్కుంటూ పడింది. నన్ను వెనక్కి నెట్టి, దాన్ని వెనక్కి తిప్పింది వీళ్ళు. ఒళ్ళు మండిపోయింది. మంచం చుట్టూ తిరిగి వచ్చి వదిన పక్కనే మట్టిలో చతికిలపడ్డాను. పిల్ల ముఖానికి సూటిగా నా ముఖం. చేతులు చాపాను.

"వదినా, ఎదురు కూర్చోమాక. నీకు దండం పెడతా, లెయ్."

"లెయ్యను. పాలు పట్టినప్పుడు ఎదురే ఉన్నా. ముడ్డి కడిగినప్పుడు ఆడనే ఉన్నా. అప్పుడు రాని అరిష్టం ఇప్పుడేడ నుంచి వస్తది?"

"పిల్లకేమన్నా అయితే?"

"నా మీద పెట్టుకోండి. ఇప్పటికే శానా పెట్టినారుగా."

మా అమ్మాయి సంచితో గడపలోకి వచ్చింది. నువ్వన్నా చెప్పమన్నట్టు అత్త ఆమె వైపు చూసింది. మా అమ్మాయి సంచి కింద పెట్టి, "కూర్చోనీ అత్తా," అంది. అంతే అంది. నాకది చాలు.

పిల్ల నన్ను చూసింది. పొట్ట ముందుకు పెట్టి, రెండు చేతులూ పైకెత్తి, తాగినవాడిలా తూలుతూ వచ్చి నా మీద పడింది. దాని నెత్తి నా గడ్డానికి తగిలి నాలుక కరుచుకున్నాను. నోట్లో రక్తం, ఒళ్ళో పిల్ల. అది కిందికి జారి, మంచం దాకా పాకి, నిలబడి, ఎవరూ పిలవకుండానే మళ్ళీ వచ్చింది. అల్లుడు ఫోన్‌లో వీడియో తీశాడు. అందులో నేనున్నాను, ముఖాన బొట్టు లేకుండా, పిల్లకు ఎదురుగా. దాన్ని చెరిపితే ఊరుకోను.

ఆ సాయంత్రం ఆటో పిల్ల లేకుండానే పోయింది.

తర్వాతి ఆదివారానికి బియ్యం నానబోసి, దంచి, పాకం పట్టి అరిసెలు వండాను. ఈసారి పళ్ళెం నేనే ఎత్తుకున్నాను. పిల్ల నా కుచ్చెళ్ళు పట్టుకుని నడిచింది. కొందరు తీసుకోలేదు. ఒకామె అరుగు మీద పెట్టి పొమ్మంది. చేతికి అందుకుంటే ఇస్తా, లేకపోతే లేదన్నాను. చర్చి పక్కింటి పెద్దామె రెండు చేతులా అందుకుని, పిల్లను అటూ ఇటూ నడిపించి చూసి, ఇంకోటి అడిగి తీసుకుంది.

వదిన కూడా తిన్నది. పాకం ముదిరిందంది. పళ్ళున్నోళ్ళు తింటారులే అన్నాను. నవ్వింది. ఆటో ఎక్కేటప్పుడు మటుకు మళ్ళీ మొదలుపెట్టింది.

"పుట్టెంట్రుకలు శ్రీశైలంలో తీపిస్తాం. ఆడన్నా నువ్వు కాస్త ఎడంగా ఉండు వదినా."

"ఉండను. దానికి మేనమామ లేడు, నా ఒళ్ళోనే కూర్చోబెట్టుకుంటా. వేరేవాళ్ళ ఒళ్ళో అది కుదురుగా ఉండదు, కత్తి తగులుతది."

ఆమె ఏదో అనబోయేలోగా ఆటో కదిలింది. పిల్ల నా వేలు విడిపించుకుని ఆటో వెనకే బజారులోకి ఉరికింది. రమ్మంటే రాదు. కొంగు బిగించి నేనూ ఉరికాను. పట్టుకో వదినా, పట్టుకో అని ఆటోలోంచి తల బయటపెట్టి నన్ను తొందరపెడుతున్నది ఆవిడే.